నడుం పట్టుకుని నిలబడ్డావిడ

బేరమాడేచోట నచ్చిన సరుకు వంక చూడకూడదు. చూస్తే మొహం చిట్లించాలి. బందరులో మా పప్పుల కొట్లో పెరిగిన నాకు అక్షరాల కంటే ముందు అబ్బిన విద్య ఇది.

మొన్న నాట్ల రోజుల్లో పామర్రు నుంచి స్కూటర్ మీద వస్తూ, గూడూరు దగ్గర ఆగాను. గుడివాడ నుంచి వచ్చిన చిత్రకారుడొకాయన కాలవగట్టు మీద గొడుగు కింద కూర్చుని, ఎదుటి చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళని పలకంత అట్ట మీద ఆయిల్ రంగుల్లో దించుతున్నాడు. బురదనీళ్ళలో మబ్బు, ఆ మబ్బు మీదికి వంగిన వీపులు. వరస కొసన ఒకావిడ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

అచ్చం మా అమ్మ! అమ్మ ఏనాడూ చేలో దిగలేదు. బస్తాల మీదికి వంగి వంగి పప్పులు కొలిచి, కొట్లో జనం పలచబడగానే అలాగే నిలబడుతుంది. ఆ బొమ్మ నాకు కావాలి.

కాబట్టి మొహం చిట్లించాను.

"ఎంతండీ?"

ఆయన చెప్పాడు. న్యాయమైన ధరే. అదే నాకు మింగుడుపడలేదు.

"అంతా బానే ఉంది గానీండి, ఈవిడేంటండీ ఇలా నిలబడింది? వరస పాడైపోలా?"

మా కొట్లో అయితే అమ్మేవాడు ఇక్కడ సరుకు గొప్ప చెప్పుకోవాలి. ఈయనకి ఆ ఆట తెలియదు. తల పక్కకి వంచి చూసి, "నిజమేనండీ, నాకూ అనుమానంగానే ఉంది" అంటూ గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి ఆవిడని తుడిచెయ్యబోయాడు.

"ఆగండాగండి!"

నా కేకకి చేలో వాళ్ళంతా నడుములెత్తారు. ముఠాకి పెద్ద ఆ నిలబడ్డావిడే. గట్టెక్కి వచ్చి, "ఏంటి బాబూ గొడవ?" అంది.

"మీరు నిలబడితే బాలేదంటున్నారండీ ఈయన" అన్నాడు చిత్రకారుడు.

"ఓయబ్బో! పొద్దుట్నించీ నువ్వొంగి నాటు, తెలుస్తుంది. స్కూటరెక్కి చెప్తావేం?"

"బేరానికి అన్నానమ్మా! నిజానికి ఆ నిలబడ్డమే బాగుంది. మా అమ్మలా ఉంది."

కొనకముందే సరుకుని మెచ్చుకోవడం నా జన్మలో అదే మొదలు. చేలోంచి ఎవరో అరిచారు: "అమ్మని కూడా బేరమాడతాడే వీడు!" చేనంతా నవ్వులు.

"అడిగినంత ఇచ్చి పట్టుకెళ్ళు నాయనా. మళ్ళీ వంకపెట్టావో, నారుకట్ట చేతికిచ్చి చేలోకి దింపుతా" అంది పెద్దావిడ.

ఇచ్చేశాను. చిత్రకారుడు తర్వాత పెద్ద బొమ్మ వేసుకోడానికని ఫోన్‌లో దాని ఫొటో తీసుకుని, తడి ఆరడానికి వారం పడుతుందని చెప్పి మరీ ఇచ్చాడు. అయినా ఇల్లు చేరేసరికి వరిచేను సగం నా చొక్కాకి అంటింది. అదృష్టం, ఆవిడ అట్ట మీదే ఉంది.

"ఎంతకిచ్చాడు?" బొమ్మ చూడకుండానే అడిగింది అమ్మ.

చెప్పాను.

"అడిగినంతా ఇచ్చావా! కొట్లో పెరిగావా, గుళ్ళో పెరిగావా?"

అప్పుడు లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని బొమ్మని చాలాసేపు చూసింది.

"ఇదిగో, ఈవిడ పని మానేసి నిలబడింది. కనీసం ఆ వంకైనా పెట్టకపోయావా?"