మారెక్క, రోకలి, నీలం వీపు కప్ప

నిన్న పొద్దున ఫోన్ వచ్చేసరికి నేను బోరులోంచి మోటార్ పైకి లాగుతున్నాను.

రెండు చేతులూ పైపు మీదే. మా ఆవిడ ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. అవతల అనంతపురం ఆసుపత్రిలో తోడున్న మా ఊరి అమ్మాయి.

"అన్నా, మారెక్క పోయిందన్నా."

పైపు వదిలితే మోటార్ బోరులో పడిపోతుంది. అందుకని ఏడుపు కాసేపు పోస్ట్‌పోన్ చేయాల్సి వచ్చింది.

మోటార్ పైకొచ్చింది. అప్పుడు కూర్చున్నాను.

ఆయాసంగా ఉందంటే మొన్న ఆటో ఎక్కించింది నేనే. "వచ్చేటప్పుడు బ్రష్షులు తెచ్చుకుంటా" అంది. మామూలుగా చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను.

ఆమెను ఎరగని వాళ్ళ కోసం చెప్తాను.

అసలు పేరు మార్తా. పెయింటర్. ఇరవై ఏళ్ళ పైనే అయింది, తోలుబొమ్మలు చూడాలని పోతూ, బస్సు చెడిపోయి ముదిగుబ్బ పక్కనున్న మా ఊర్లో దిగింది. బస్సు ఆ సాయంత్రమే బాగైంది. ఈమె ఎక్కలేదు.

ఏ ఊరని అడిగితే పోలెండ్ అంది. మా చిన్నమ్మ ఓబులమ్మకు అది పోలేరమ్మ అని వినబడింది. పోలేరమ్మ దగ్గర నుంచి వచ్చిన మార్తా మారెక్క కాక ఇంకేమవుతుంది?

ఆమె వేసినవన్నీ మా ఆడవాళ్ళ పనులే. ఎర్రమన్ను పూసిన గోడ మీద సున్నం చుక్కలు. ముసలమ్మల చేతుల మీది పచ్చబొట్లు. పాత చీరలు కుట్టిన బొంతలు. ఆర్ట్ గురించి మోటార్ మెకానిక్‌కి ఏం తెలుసంటారా? నిజమే. మా గోడ ఆమె పెయింటింగ్‌లో మా ఇంట్లో కన్నా బాగుండేదని మాత్రం తెలుసు.

వాటన్నిటిలో ఆమెకు ప్రాణం కప్పమ్మ.

వాన రాకపోతే మా ఊరి ఆడవాళ్ళు రోకలికి వేపమండలు చుట్టి, ఒక కప్పను గుడ్డలో వేసి దానికి కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంట్లో బిందెతో నీళ్ళు పోస్తారు. మారెక్క ప్రతిసారీ వెనకాలే నడుస్తూ, బుక్‌లో గీసుకునేది.

ఆమె కోరిక ఒక్కటే. ఆ రోకలి తన భుజం మీద పెట్టుకోవాలి.

"చూసుకో, గీసుకో. మోసేది మాత్రం ఊరి ఆడోళ్ళే" అనేది చిన్నమ్మ.

"నేనూ ఊర్లోనే ఉండాను కదమ్మా."

"మేకలూ ఉండాయి ఊర్లో."

ఒక ఏడాది వాన లేదు సరే, కప్పలు కూడా లేవు. వాన కావాలంటే కప్ప కావాలి, కప్ప కావాలంటే వాన కావాలి. ఈ సమస్యకు గవర్నమెంటు దగ్గర కూడా స్కీమ్ లేదు. బోర్ల దగ్గర తిరిగేవాణ్ణి కాబట్టి డ్యూటీ నాకు వేశారు. పామిడిలో పని పడితే పెన్నలో కూడా వెదికాను. ఇసుక దొరికింది.

మూడో రోజు మారెక్క దోసిలి మూసుకుని చిన్నమ్మ ఇంటికొచ్చింది. లోపల కప్ప. రోజూ బ్రష్షులు కడిగిన నీళ్ళు ఆమె కరివేపాకు చెట్టు కింద పోసేది. ఈ కప్ప అక్కడే కాపురం పెట్టిందట. వీపంతా నీలం రంగు.

చిన్నమ్మ దాని వీపు వేలితో రుద్ది చూసింది.

"యాడిది ఇది?"

"మా ఇంట్లోది."

"ఊరంతా ఎండినా ఈ కప్ప నీ ఇంట్లో నిలిచిందంటే, నువ్వు ఊరిదానివే లేమ్మీ. పట్టు రోకలి."

రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. అడ్రస్ ప్రూఫ్ కింద కప్ప పనిచేసింది.

వాన వచ్చిందా అని అడగకండి. నాలుగు చినుకులు పడ్డాయి. శెనక్కాయకు చాల్లేదు. మారెక్కకు చాలింది.

ఆ తర్వాత ఆమె బొమ్మలు మారిపోయాయి. అంతకుముందు కప్పమ్మ బొమ్మల్లో అన్నీ వీపులే ఉండేవి, వెనక నడిచేది కాబట్టి. ఇప్పుడు ఎదురుగా గడపలో ఆడవాళ్ళు, పైకెత్తిన బిందెలు, మన మీదికే వచ్చే నీళ్ళు. బెంగళూరులో ఎగ్జిబిషన్ పెడితే చిన్నమ్మను తీసుకుపోయాను. ఆ బొమ్మ ముందు నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏం చిన్నమ్మా?"

"తడుస్తాను కదప్పా."

నిన్న మధ్యాహ్నం నాతో పాటు ఊరి ఆడవాళ్ళంతా రెండు ఆటోల్లో అనంతపురం వచ్చారు. ఫారిన్ మనిషి కదా, స్టేషన్ నుంచి కానిస్టేబుల్ కాగితాలతో వచ్చాడు. పోలెండ్‌లో ఉన్న ఆమె తమ్ముడు ఫోన్‌లో సరేనన్నాడు, అక్కను మీ ఊర్లోనే ఉంచండి అన్నాడు. కానీ ఇక్కడ సంతకం పెట్టే బంధువు ఉండాలంట. లేకపోతే మనిషిని ఊరికి ఇవ్వరంట.

"ఆమెకి మీరేమైతారమ్మా?"

"నా కూతురు" అంది చిన్నమ్మ.

వెనక నుంచి ఒకామె "మా వదిన" అంది. ఇంకొకామె "మా అక్క." పక్కనున్న పిల్ల "నాకు అత్త."

"ఏందమ్మా ఇది! ఒక్క మనిషి ఇంతమందికి ఇన్ని ఎట్లైతాది?"

"మీ ఊర్లో నువ్వు ఒక్కరికే ఏమన్నా అయితావా నాయనా?" అంది చిన్నమ్మ.

కానిస్టేబుల్ పెన్నుతో కాగితం మీద చూపించాడు. "రాసేదానికి ఈడ ఒక్క లైనే ఉండాదమ్మా."

"అయితే చిన్నగా రాయి."

రాశాడు. లైను చాలక మార్జిన్‌లోకి, అది కూడా చాలక కాగితం వెనక్కి పోయాడు. కింద చిన్నమ్మ వేలిముద్ర వేసింది. ఎంబసీ కాగితం ఒకటి రావాలి. రాగానే ఊరికి తెస్తున్నాం. చిన్నమ్మ తన చేనులోనే చోటు చూసి పెట్టింది.

రా మారెక్కా. ఇంటికొచ్చి చల్లగా పడుకో.