‘ద మోర్... ద మోర్’ అంటూ రోజాలు అమ్మబోయిన కథ

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు. నా కథలో చినుకు పడిందంటే చెరువు తెగినట్టు, పిల్లి అడ్డం వచ్చిందంటే డెంకణికోట అడవిలోంచి ఏనుగు దిగినట్టు. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. మిగిలినదాంట్లో సగం మా ఆవిడ తీసేస్తుంది. అయినా సరే, మా చిన్నాయన కన్నబిడ్డల్లా పెంచిన రోజాలను నేను అరగంటలో, అదీ ఇంగ్లీషులో, ఆవుల మేతగా మార్చబోయిన వైనం ఎంత తీసేసినా ఇంకా బోలెడు మిగులుతుంది.

అప్పుడు నాది ఉద్యోగం లేని, అనుమానం అసలే లేని వయసు. హోసూరు బస్టాండు దగ్గర ఒక మేడమీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. ఆ మాస్టారిది ఒకటే సిద్ధాంతం. “గ్రామరంతా ఎందుకప్పా? ఒక అచ్చు పట్టుకో. దాంట్లో మట్టి వేస్తా పో, ఇటుకలు వస్తానే ఉంటాయి.”

ఆ వారం ఆయన చేతికిచ్చిన అచ్చు ‘ద మోర్... ద మోర్’. ఎంత ఇదైతే అంత అది అని అర్థం. ద మోర్ యు రీడ్, ద మోర్ యు లెర్న్. ఎంత చదివితే అంత నేర్చుకుంటావు. ఆహా! ముందు సగం, వెనక సగం, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి కాస్త చోటు. ఇంగ్లీషువాళ్ళు నాకోసమే కుట్టించిన చొక్కాలాగా ఉంది. ఇక రెండో అచ్చుతో నాకేం పనని క్లాసు మానేశాను.

ప్రయోగం ఇంట్లోనే మొదలైంది.

“అమ్మా, ద మోర్ చట్నీ, ద మోర్ ఇడ్లీ!”

“ఇడ్లీలోకి మోరు యాడన్నా పోసుకుంటారేమిరా?” అంటూనే మా అమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి పెట్టింది. తమిళంలో మోరంటే మజ్జిగ. తెలుగు, తమిళం, కన్నడం కలిసే మా ఊళ్ళో నోరు జారిన మాట ఏదో ఒక భాషలో దొరికిపోతుంది.

ఇంతలో చిన్నాయనకు కష్టం వచ్చింది. కెలమంగలం దాటాక ఆయనకు ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్ద షెడ్డు, దాన్నిండా ఎర్ర రోజాలు. రోజాను మొగ్గ విచ్చకముందే కోయాలి; విచ్చిందా, ఇక ఏ వ్యాపారీ ముట్టడు. ఎప్పుడూ కొనే ఆయన సరిగ్గా కోతల వేళకు చేతులెత్తేశాడు. ఎవరో బ్రోకరు పుణ్యమా అని బొంబాయి కంపెనీ మనిషి చూడటానికి వస్తానన్నాడు. ఆయన సరేనంటే తోట బతుకుతుంది, కాదంటే ఆవులు బతుకుతాయి.

“బొంబాయాయనతో ఏమని మాట్లాడేదిరా? నాకు మన మూడు బాసలు తప్ప రావు,” అన్నాడు చిన్నాయన.

“నేనుండానుగా! నువ్వు మాత్రం నోరు తెరవొద్దు చిన్నాయనా. ఒక్క తెలుగు ముక్క బయటపడినా కంపెనీ ముందర మన లెవెలు పడిపోతుంది.”

“దగ్గొచ్చునా?”

“ఇంగ్లీషులో దగ్గు.”

చిన్నాయన పెళ్ళినాటి కోటు తొడుక్కుని, టై బిగించి షెడ్డులో నిలబడ్డాను. ఎండవేళ ఆ షెడ్డులో కోటు వేసుకోవడమంటే ఇడ్లీ పాత్రలో కంబళి కప్పుకుని కూర్చోవడమే. కారు ఆగింది. టోపీ, నల్లద్దాలు, మెరిసే బూట్లు. బొంబాయే కారు దిగి నడిచొచ్చినట్టు ఉన్నాడు.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి మీకు చెప్పాలి. ఎదుటివాళ్ళు ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలోనే జవాబివ్వాలి. తమిళానికి తమిళం, కన్నడానికి కన్నడం. వాళ్ళెత్తుకున్న భాషను మనం మధ్యలో వదిలేయడమంటే వడ్డించిన విస్తరి ముందునుంచి లేచిపోవడమంత తప్పు. ఆ సంగతి తెలిసీ నేను నోరు తెరిచాను.

“వెల్‌కమ్ సర్! ద మోర్ యు కమ్, ద మోర్ వి హ్యాపీ!”

ఆయన నల్లద్దాలు తీసి, నా కోటును ఎగాదిగా చూసి, “యెస్. మీ... ఆల్సో హ్యాపీ,” అన్నాడు. పెద్ద కంపెనీ మనుషులు తక్కువ మాట్లాడతారని నేను మురిసిపోయాను.

ఆయన ఒక మొగ్గ వంచి, కాడ మీద వేలు ఆనించి, “లెంత్?” అన్నాడు.

కాడ పొడవెంతో నాకేం తెలుసు? తెలిసిన చిన్నాయన నోటికి నేనే తాళం వేశాను. “ద మోర్ లాంగ్, ద మోర్ గుడ్ సర్!”

“స్ప్రే?” అన్నాడు, పురుగుమందు సంగతి.

“ద మోర్ స్ప్రే, ద మోర్...” ఈ అచ్చుతో వచ్చిన చిక్కంతా ఇదే. ముందు సగం గుర్రంలా పరుగెత్తుతుంది. వెనక సగం కోసం వెతుక్కుంటుంటే ఎదుటివాడు నోట్లోకే చూస్తుంటాడు. ఏదో ఒకటి అతికించక తప్పదు. “...ద మోర్ స్మెల్!”

వాసన చూడబోతున్న మనిషి పువ్వును పాముపిల్లలా వదిలేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. చిన్నాయన కళ్ళతోనే ‘ఏమైందిరా?’ అన్నాడు. నేను కళ్ళతోనే ‘మెచ్చుకుంటా ఉండాడు’ అన్నాను.

“రేట్?” అన్నాడాయన, ద్వారం వైపు ఒక అడుగు వేస్తూ.

పోతున్న బేరాన్ని కాలరు పట్టుకుని లాగాలనుకున్నాను. “ద మోర్ యు టేక్, ద మోర్...” గుర్రం పరుగెత్తింది. వెతికాను. చెమట కళ్ళలోకి దిగింది. చేతికి దొరికిన మాట ఒక్కటే. “...ద మోర్ ఫ్రీ!”

చిన్నాయనకు ఇంగ్లీషు రాకపోవచ్చు. కానీ తమిళనాడులో ఓటున్న మనిషికి ఫ్రీ అన్న మాట తెలియకుండా ఉంటుందా? పాత ట్రాక్టరు స్టార్టయినట్టు గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఇచ్చిన మాటకు కట్టుబడి అంతటితో మింగేశాడు.

కంపెనీ ఆయన “వన్ మినిట్” అని నీళ్ళ డ్రమ్ముల వెనక్కి పోయి ఫోను తీశాడు. మేం చెవులు రిక్కించాం.

“ఏమ్మే, వచ్చేస్తా ఉండాను, సంగటి చేసిపెట్టు. ఈడ కోటేసుకున్న పిలగాడు ఒగడు ఇంగ్లీషులో సంపుతా ఉండాడు. నిండా మందు కొట్టిన పూలంట, తీసుకునేకొద్దీ ఊరికే ఇస్తాడంట! ఏందో మోసం మాదిరుంది. పక్కన పెద్దాయన ఒగాయన ఉండాడు. పాపం, మూగోడు!”

“ఎవురప్పా మూగోడు?”

చిన్నాయన నోటికి అరగంట సేపు వేసిన కట్టు ఒక్కసారిగా తెగింది. షెడ్డు కప్పు లేచిపోతుందనుకున్నాను. డ్రమ్ముల వెనకనుంచి టోపీ చేతపట్టుకుని ఆయన బయటికొచ్చాడు.

“అయ్యో, మీరు తెలుగోళ్ళా సామీ?”

“నువ్వు బొంబాయోడివి కాదా?”

“కంపెనీ బొంబాయిదన్నా. నాది డెంకణికోట పక్కనే. ఈయప్ప ఇంగ్లీషులో ఎత్తుకున్నాడు, నేను యాడ దించేది? నాకొచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ అయిపోయినాయి. ఇంగొక ప్రశ్న అడగల్లంటే ఊరికి పోయి నేర్చుకోని రావల్ల.”

ఆ తర్వాత కాడ పొడవు, మందు ఎప్పుడు కొట్టింది, రేటు, అంతా పక్కింటి గోడ మీద కబుర్లలా తేలిపోయింది. ఆ సాయంత్రమే కోత మొదలు పెట్టమన్నాడు. చిన్నాయన ముఖంలో మొగ్గలన్నీ ఒకేసారి విచ్చాయి. కారెక్కబోతూ ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు.

“అన్నా, పూలు లోడు చేసే దినం ఈ పిలగాడు షెడ్డు పక్కకి రాకూడదు. డ్రైవరుతో ఏమన్నా మాట్లాడినాడంటే బండి కూడా ఊరికే ఇచ్చేస్తాడు.”

ఆనాడు కోటు విప్పి, అందులోని చెమట పిండి, రోజాలను సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. వెనక సగం చేతిలో సిద్ధంగా లేనిదే ఏ వాక్యానికీ ముందు సగం వదలను. ఎంతటి టోపీ మనిషైనా సరే, ముందుగా “ఏ ఊరప్పా?” అని అడగకుండా నోట్లోంచి ఇంగ్లీషు రానివ్వను.

ఇక ఇందులో కల్పించింది ఎంతో కూడా ఒప్పుకుంటాను. ఒకే ఒక్క మాట. ఫోనులో ఆయన నన్ను ‘కోటేసుకున్న పిలగాడు’ అన్నాడని రాశాను. అసలాయన అన్న మాటను మాత్రం, బతుకంతా అన్నింటినీ పెంచి రాసే నేను, మొదటిసారిగా తగ్గించి రాయాల్సి వచ్చింది.