ఏ కాలేజీలోనూ లేని మధ్యాహ్నం

సీటు వచ్చిందన్న మెసేజ్ చూసినప్పుడు నేను లెక్కల క్లాసులో ఉన్నాను. ఘాజియాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరి అప్పటికి నెల దాటింది. ఢిల్లీ ప్రభుత్వ కాలేజీల కౌన్సెలింగ్‌లో నా పేరు వెయిటింగులోనే ఉండిపోయింది. ఇక రాదనుకుని ఇంట్లో అందరం ఆ మాటే మానేశాం. ఇప్పుడు చివరి విడతలో, ఎవరో వదులుకున్న ఎలక్ట్రానిక్స్ సీటు నాకు వచ్చింది. మర్నాడు ఆఫీసు మూసేలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో వెళ్లి చేరాలి.

సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ ఒరిజినల్స్ అన్నీ నేను కూర్చున్న కాలేజీ బీరువాలోనే ఉన్నాయి.

మా అమ్మ నర్సు, దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. నాన్న పాస్టరు. ఘాజియాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక అద్దె హాల్లో తెలుగువాళ్లకు ఆదివారం ఆరాధన జరిపిస్తాడు. ఇల్లు నడిచేది అమ్మ జీతంతోనే. అమ్మా నాన్నా కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాక నేను ఇక్కడే పుట్టాను. వాళ్లు తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని. చదవడం, రాయడం మాత్రం నాన్న బైబిలు ముందు పెట్టి నేర్పాడు.

మొదటి కాలేజీ ఫీజుకు అమ్మ ఆసుపత్రి ఉద్యోగుల సొసైటీలో అప్పు తీసుకుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తే కొంత తీర్చేయొచ్చని అనుకున్నాం. నా దరఖాస్తును కాలేజీవాళ్లు సరిచూసి పైకి పంపేశారు కూడా. అయినా అమ్మ అడిగి మరీ నైట్ డ్యూటీలు వేయించుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం విషయం చెప్పగానే నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అమ్మ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి వింది.

"ముందు ఇక్కడ మానేత్తేనే కదా సర్టిఫికెట్లు ఇచ్చేది?" అంది.

"హాఁ మమ్మీ."

"మానేశాక అక్కడ ఏదన్నా తేడా వచ్చి చేర్చుకోకపోతే?"

నేను మధ్యాహ్నం నుంచీ భయపడుతున్నది సరిగ్గా దానికే.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ కాలేజీ ఆఫీసుకు వెళ్లాం. అడ్మిషన్లు చూసే మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. కానీ నిబంధనలన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. కాలేజీ మానేస్తున్నట్టు రాసి సంతకం పెడితేనే ఒరిజినల్స్ ఇస్తారు. సంతకం పెట్టాక ఆ సీటు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మళ్లీ చేర్చుకోరు. క్లాసులు మొదలై చాలా రోజులైంది కాబట్టి ఫీజులో కోత ఉంటుంది. మిగిలింది ఎప్పుడు వస్తుందో అకౌంట్స్ వాళ్లు చెప్పాలి.

"మరి స్కాలర్‌షిప్?" అని అడిగాను.

"దేఖో బేటా, అది మా కాలేజీ పేరు మీద వెళ్లిపోయింది. మేం దాన్ని వెనక్కి తీస్తేగానీ నువ్వు కొత్త కాలేజీ నుంచి పెట్టుకోలేవు. ఆ పని చూసే సర్ సెలవులో ఉన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"వస్తారు."

అమ్మ ఆమెను కాసేపు ఆగమని అడిగి నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. అక్కడ గోడ నిండా ఉద్యోగాలొచ్చిన పాత విద్యార్థుల ఫోటోలు. వాటి కింద బెంచీ మీద కూర్చున్నాం. అవతల నా క్లాసువాళ్లు ల్యాబుకు వెళుతూ చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

"నీకిక్కడ ఎట్టా ఉంది?" అని అడిగింది అమ్మ.

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఇక్కడ నాకు బాగానే ఉంది. లెక్కల సర్ అంటే ఇష్టం. మీరట్ నుంచి వచ్చే ఒక అమ్మాయితో స్నేహం కుదిరింది. అవన్నీ చెప్పాక, "కానీ నాలుగేళ్లు నువ్వు ఇలాగే నైట్ డ్యూటీలు చేయలేవు మమ్మీ" అన్నాను, ఈసారి తెలుగులోనే.

"నా డ్యూటీల సంగతి నేను చూసుకుంటా. నువ్వు చదువు సంగతి చెప్పు. ఏది మంచి కాలేజీ?"

"అది."

"అయితే పద."

లోపలికి వెళ్లి సంతకం పెట్టాను. మేడమ్ బీరువా తీసి నా కవరు ఇచ్చింది. అమ్మ ఒక్కొక్క సర్టిఫికెట్టూ బయటికి తీసి చూసి, మళ్లీ వరసలో పెట్టి, కవరును తన చేతిసంచిలో అడుగున దాచింది.

మెట్రోలో సీటు దొరికినా నేను కూర్చోలేకపోయాను. ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియని పరిస్థితి. పాత ఐడీ కార్డు అప్పగించేశాను. కొత్తది ఇంకా లేదు. స్టేషన్ల మధ్య రైలు కాసేపు ఆగితే చాలు, ఇక వెళ్లలేమేమో అనిపించేది. అమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. నాడి చూస్తోందేమో అనుకున్నాను. ఊరికే పట్టుకుంది.

కొత్త కాలేజీలో సర్టిఫికెట్లు చూసే ఆయన అన్నీ తిరగేసి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. పదో తరగతి సర్టిఫికెట్లో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆదాయ ధ్రువపత్రంలో ఒక్క పొడి అక్షరమే ఉంది.

"ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా అనుకోవాలి?" అన్నాడు.

మా వైపు పేర్లు ఇలాగే రాస్తారని అమ్మ తనకొచ్చిన హిందీలో చెప్పబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అర్థమైంది ఆంటీ. కానీ నాకు కాగితం కావాలి. అఫిడవిట్ తీసుకురండి. ఆఫీసు మూసేలోగా."

బయటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. వెనక్కి పోదామంటే కాలేజీ లేదు, ముందుకు పోదామంటే ఈ కాలేజీ రానిచ్చేలా లేదు. "తప్పు చేశాం మమ్మీ" అంటూ గేటు పక్కన కూలబడ్డాను.

అమ్మ నన్ను ఓదార్చలేదు. ఆసుపత్రిలో తనతో పనిచేసే ఆవిడకు ఫోన్ చేసి, అఫిడవిట్లు ఎక్కడ రాస్తారో కనుక్కుంది. సాకేత్ కోర్టు దగ్గరకు వెళ్లమని ఆవిడ చెప్పింది. ఆటోలో వెళ్లాం. కోర్టు బయట వరసగా కూర్చున్న టైపిస్టుల్లో ఒకతను మా పని ఒప్పుకున్నాడు. మొదటిసారి టైపు చేసినదాంట్లో ఇంటిపేరు తప్పు కొట్టాడు. అమ్మ ఒక్కొక్క అక్షరం చెబుతుంటే మళ్లీ కొట్టాడు. నోటరీ భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా నేను కూర్చోలేక అక్కడే అటూ ఇటూ తిరిగాను. అమ్మ అరటిపళ్లు కొనిచ్చింది గానీ వాటిని చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను.

మేం తిరిగి వచ్చేసరికి కౌంటర్ కిటికీ సగం మూసి ఉంది. అమ్మ చెయ్యి లోపలికి పెట్టి కాగితం అందించింది. ఆయన చదివి, ఫైల్లో పెట్టి, "ఠీక్ హై" అన్నాడు. అంతే. నేను చేరిపోయాను. అమ్మ కిటికీ పక్కన గోడకు తల ఆనించి కాసేపు అలాగే నిలబడింది. పొద్దుటినుంచీ తనకు ఎంత భయంగా ఉందో నాకు అప్పుడు తెలిసింది.

స్కాలర్‌షిప్ మాత్రం ఆ ఏడాది దక్కలేదు. వెబ్‌సైటులో వివరాలు నింపిన ప్రతిసారీ, ఈ విద్యార్థి దరఖాస్తు ఇప్పటికే ఉందని వచ్చేది. నాన్న నా పాత కాలేజీ చుట్టూ ఎన్నోసార్లు తిరిగాడు. సెలవులో ఉన్న సర్ వచ్చి, పాత దరఖాస్తును వెనక్కి తీసేసరికి గడువు అయిపోయింది. ఫీజు కోతపోగా మిగిలింది చలికాలం చివర్లో వచ్చింది. అది సొసైటీ అప్పుకు జమైంది. కొత్త కాలేజీలో ఫీజు తక్కువే అయినా, ఆ ఏడాదంతా అమ్మ నైట్ డ్యూటీలు ఆగలేదు. నేను క్లాసులో కూర్చుని కూడా ఇంకా ఏదో కాగితం తక్కువైందని ఎవరో పిలుస్తారని తలుపు వైపు చూస్తుండేదాన్ని. సెమిస్టర్ ఫలితాల్లో నా నంబరు కనిపించాకగానీ ఆ భయం తగ్గలేదు.

రెండో ఏడు కొత్త కాలేజీ నుంచి పెట్టిన దరఖాస్తు ఆమోదం పొందింది. డబ్బు ఖాతాలో పడ్డ నెలలోనే అమ్మ నైట్ డ్యూటీలు తగ్గించుకుంది. ఆ ఆదివారం చాలాకాలానికి ముగ్గురం కలిసి ఆరాధనకు వెళ్లాం. అమ్మ నా పక్కన ముందు వరసలో కూర్చుంది. నాన్న వాక్య ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికే తను నా భుజం మీదకు ఒరిగి నిద్రపోయింది. వెనక ఆంటీలు చూస్తున్నారని లేపబోయాను. నాన్న నావైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తాడు. తర్వాత మైకును నోటికి కాస్త దూరంగా పట్టుకుని, మిగిలిన ప్రసంగమంతా మెల్లగా చెప్పాడు.