నాచు ఊడ్చిన మడి

మొన్న మా కోడలు నీళ్ల తొట్టికి పట్టిన నాచును చీపురుతో గీకుతుంటే పచ్చి వాసన గుప్పుమంది. ఆమె ముక్కు మూసుకుంది. నేను నవ్వాను.

"నాచును జూసి నవ్వుతవేంది మామా?"

నర్సింలు సారు గుర్తొచ్చారు.

ఆయన మా ఊరి గ్రామసేవక్, రైతులకు సాగు సలహాలు చెప్పే సర్కారు ఉద్యోగి. అరవైల్లో వికారాబాద్ నుంచి రైల్లో ధారూర్‌కు వచ్చి, అక్కడి నుంచి నడిచి మా ఊరు చేరేవారు. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టి గొర్ల వెంట పోయినవాణ్ణి నేను. చదువుకున్నవాళ్లు నా ఎగతాళికి దొరికే మనుషులు, అంతే. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటాయి. నాయిన బావి కింద రెండు మళ్లు నా చేతికిచ్చాడు. వరుసగా రెండేళ్లు వరి కామెర్లు తగిలినట్టు పసుపెక్కిందే తప్ప గింజ పట్టలేదు.

"ఈసారి గూడ గిట్లనే అయితే మళ్లు కౌలుకిస్త. నువ్వు తాండూరు బండల గనికి పో" అన్నాడు నాయిన. ఆయన నాలాగా వేళాకోళానికి అనే మనిషి కాదు.

నాటు వేసిన పది రోజులకు సారు కాగితం పొట్లం విప్పారు. లోపల ఎండిన బురద పెచ్చులు.

"మా ఊళ్ల మట్టి లేదనా సారూ, రైల్ల తెచ్చిన్రు?" అన్నాను.

"ఇది నాచు, బీరయ్యా. గాలిలున్న సత్తువను పట్టి వరికి పెడతదట. నీళ్లు ఆరనియ్యకు. ఒక్క మళ్లనే చల్లు, ఇంకోటి ముట్టకు."

"రెండిట్ల చల్లితే ఏం పాయె?"

"నేను గూడ కండ్లతోని చూడలే, చదివిన గంతే. నా మాట నమ్మకు. రెండు మళ్లు పక్కపక్కన పెట్టి చూడు."

తనకు తెలియదని చెప్పిన చదువుకున్న మనిషిని చూడటం అదే మొదలు. ఆయన చెప్పినట్టే ఒక్క మడిలోనే చల్లాను.

కొన్ని వారాలకు ఆ మడి నిండా ఆకుపచ్చని తెట్టు కట్టింది. మా వైపు మడిలో నాచు తేలితే ఆ రైతు సోమరి అని లెక్క. పెచ్చులు మందులా నీళ్లలో కరిగిపోయాయనుకున్నానే గాని, అవే బతికి ఇలా పరుచుకుంటాయని తట్టలేదు. సారు వస్తున్నారని కబురు రాగానే, చుట్టం కోసం ఇల్లు అలికినట్టు, నాచంతా గంపతో ఎత్తి గట్టున పోశాను. నీళ్లు అద్దంలా మెరిశాయి.

"మీ కోసమే ఊడ్చిన సారూ!"

ఆయన నీళ్లు చూశారు. గట్టు మీద కుప్ప చూశారు.

"ఇల్లు ఊడ్చి ఇంట్లోళ్లను గూడ బయట పారేస్తివి గదయ్యా!"

తిడతారనుకున్నాను. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఇంకా తడి ఆరని నాచును దోసిళ్లతో మడిలోకి దించారు. సిగ్గుపడుతూ నేనూ దిగాను. గట్టు మీద నాయిన నెత్తి కొట్టుకున్నాడు.

పొట్ట దశకు ఆ మడి నిగనిగలాడింది. పక్కది పాత పసుపే. కోతల రోజు నాయిన రెండు మళ్ల నుంచీ ఒక్కో కట్ట ఎత్తి చూశాడు. దించి, మళ్లీ ఎత్తాడు.

"ఇగ బండల గనికి నేను పోవాలె" అన్నాడు. జీవితంలో ఆయన ఆడిన వేళాకోళం అదొక్కటే.

నేను ఎగిరి గంతేస్తుంటే సారు ఆపారు. "ఒక్క పంటకే మురవకు. వచ్చే ఏడు మళ్లు మార్చి చల్లు."

మార్చి చల్లాను. ఈసారి రెండో మడి నిగనిగలాడింది. చూడటానికి సారు లేరు, బదిలీ అయ్యారు.

ఇప్పుడు ఎవరైనా సలహాకు వస్తే ముందు నాలుగు వేళాకోళాలు ఆడతాను, ఆ జబ్బు పోలేదు. తర్వాత మాత్రం "నాకు తెల్వదు, ఒక్క మళ్ల ఏసి చూడు" అంటాను. సిగ్గనిపించదు. మోకాలి లోతు బురదలో నిలబడి, నేను పారేసినదాన్ని దోసిలితో తిరిగి దించిన మనిషి నేర్పిన మాట అది.