జర్మనీ ప్రొఫెసరు గారి మెడలో నూలు దండ

మొన్న శనివారం మా కాలేజీ పరువు నా చేతుల్లో పెట్టారండీ. పరువు దక్కింది. అందులో నా గొప్ప మాత్రం ఏమీ లేదు, ముందే చెప్పేస్తున్నా. ఆ టీ ఇటివ్వండి, చెబుతాను.

మా కాలేజీ నడిచేది పెంకుల షెడ్లలో. వానొస్తే లాబొరేటరీలో గొడుగు పట్టుకుని ప్రయోగాలు చేయిస్తాను. బోటనీ డిమాన్‌స్ట్రేటర్‌ని కదా మరి! మా ప్రిన్సిపాల్ విశ్వనాథం గారికేమో ఒకటే పట్టుదల. మన రైతుల పిల్లలు ఇతర దేశాల యూనివర్సిటీల్లో చదవాలి, అక్కడి పిల్లలు వచ్చి మన దగ్గర చదవాలి. నాలుగేళ్లుగా తన టైపు మిషన్ మీద తనే ఉత్తరాలు కొట్టి దేశదేశాలకు పంపుతున్నారు. స్టాఫ్ రూములో మేం నవ్వుకునేవాళ్లం. నేను అందరికంటే కొంచెం ఎక్కువే నవ్వాను. "చిలకలూరిపేట దాటితే మన పేరు ఎవరికీ తెలీదు, జర్మనీలో తెలుస్తుందా!" అని. ఆయన వినీ విననట్టు ఇంకో కవరు అంటించేవారు.

జర్మనీ నుంచే జవాబొచ్చింది! పంటల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ హెల్మర్ గారు మద్రాసు వెళ్తూ ఒక్కరోజు మా కాలేజీ చూసి పోతానన్నారు. నచ్చితే ఒప్పందం మీద సంతకం. ఏటా మనవాళ్లిద్దరు అటు, వాళ్లవాళ్లిద్దరు ఇటు. నచ్చకపోతే నాలుగేళ్ల ఉత్తరాలూ గంగలో కలిసినట్టే.

"ఖాదరూ, పూలదండ ఎవరైనా వేస్తారయ్యా. మనది పత్తి నేల. నూలు దండ వేద్దాం. తెచ్చే పూచీ నీది" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

చిలకలూరిపేటలో చెప్పి చేయించాను. తెల్లగా మెరిసిపోతోంది. బస్సులో దుమ్ము పడుతుందని మా ఆవిణ్ణి సంచి అడిగాను. "శుభ్రంగా దులిపానండీ" అంటూ గోతం కోసి కుట్టిన సంచి ఒకటి చేతికిచ్చింది. మాది మిరపకాయల వ్యాపారం చేసే ఇల్లు. మా ఇంట్లో గోతం అంటే మిరపకాయలు తొక్కిన గోతమే, వేరే జాతి లేదు. ఘాటుందేమోనని వాసన చూశాను కూడా. ఏమీ లేదు! పుట్టినప్పట్నుంచీ ఆ ఘాటులో పెరిగిన ముక్కుకి ఏం తెలుస్తుంది? దాన్ని నమ్మడం నా మొదటి తప్పు.

రెండో తప్పు, అతిథిని స్టేషన్ నుంచి తీసుకొస్తూ కారులో చేశాను. "మీ మర్యాదలు ఏమైనా ఉంటే ముందే చెప్పండి" అని ప్రొఫెసర్ గారు ఎంతో వినయంగా అడిగారు. "మెడలో వేసిన దండ సభ అయ్యేదాకా తియ్యకూడదండీ. తీస్తే వేసినవాళ్లకు అవమానం" అన్నాను. నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు! మనవాళ్లు వేసిన మరుక్షణం తీసి బల్ల మీద పెడతారు. అంత పెద్దమనిషి అడిగాక ఏదో ఒకటి చెప్పాలిగా!

సభకు షెడ్డు నిండా జనం. సంచిలోంచి దండ తీస్తే కొద్దిగా గులాబీ రంగు తేలింది. ఇంకా అందమొచ్చిందనుకున్నాను. దండ వేశాం, చప్పట్లు. ప్రిన్సిపాల్ గారు ఇంగ్లీషులో స్వాగతం మొదలుపెట్టారు. రెండు మాటలయ్యాయో లేదో ప్రొఫెసర్ గారు తుమ్మారు.

సభంతా బిగుసుకుపోయింది. శుభమా అని మొదలుపెడితే ఒంటి తుమ్మా! ముందు వరసలో పంచాయతీ ప్రెసిడెంటు కోటయ్య గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. అంతలో రెండోది వచ్చింది. "హమ్మయ్య, శుభం!" అన్నారందరూ. మూడు, నాలుగు... పదకొండు దాకా లెక్కపెట్టాను. తర్వాత కళ్లూ ముక్కూ ఏకధార. జేబురుమాలుతో తుడుచుకుంటే ఆ రుమాలు దండకు రాసుకుని మంట రెట్టింపయింది. మొహం పండుమిరపకాయే! అయినా దండ మీద చెయ్యి వెయ్యరే! నిటారుగా కూర్చుని, ప్రిన్సిపాల్ గారి వంకే చూస్తూ తలూపుతున్నారు.

కోటయ్య గారు కండువాతో కళ్లొత్తుకున్నారు. "చూడవయ్యా ఖాదరూ, మన విశ్వనాథం గారి మాటలకు దొరగారు ఎట్లా కరిగిపోతున్నారో! ఎంత మెత్తని మనసయ్యా!" వెనక నాలుగు వరసలు ముక్కులు చీదాయి. అప్పుడు వెలిగింది నాకు. సంచి!

లేచి వేదిక వైపు నడవబోయాను. ప్రిన్సిపాల్ గారు నాకంటే ముందే పసిగట్టారు. ప్రసంగం ఆపకుండానే వెళ్లి, ఆ దండ మెల్లగా తీసి తన మెడలో వేసుకున్నారు. "ఈ గౌరవంలో సగం నాకూ కావాలి" అన్నారు. ఒకటే చప్పట్లు! మిగతా ప్రసంగమంతా ఆ దండతోనే, ఒక్క తుమ్ము లేకుండా పూర్తిచేశారు. ఆయనదీ మా ఊరి ముక్కే లెండి.

సభయ్యాక ప్రొఫెసర్ గారు నీళ్ల గాబు దగ్గర మొహం కడుక్కుంటుంటే, వెళ్లి అంతా చెప్పేశాను. సంచి సంగతీ, నేను కల్పించిన మర్యాద సంగతీ. ప్రిన్సిపాల్ గారు నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. "తప్పు మా కాలేజీది. క్షమించండి" అన్నారు.

ప్రొఫెసర్ గారు ఎర్రటి కళ్లతో నవ్వారు. "మీరు ఆ దండ తీసి మీ మెడలో వేసుకున్నారు చూడండి, అప్పుడే నిర్ణయించుకున్నాను. మా పిల్లల్ని మీ దగ్గరికి నిశ్చింతగా పంపొచ్చు." అక్కడే నిలబడి సంతకం చేశారు. నేను నవ్విన నాలుగేళ్లూ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఇట్లాంటి మనిషి కింద పనిచేస్తున్నానని గర్వంగానూ ఉంది.

ఆ దండ గుర్తుగా తీసుకెళ్తానన్నారు ప్రొఫెసర్ గారు. నేనే మూడు నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, సాయంత్రం చీరాల స్టేషన్లో భద్రంగా చేతికిచ్చాను. రైలు కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నారు. రైలుపెట్టెలోంచి ఒక తుమ్ము వినిపించింది. తర్వాత ఇంకోటి, వేరే గొంతు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషిది.

ప్రిన్సిపాల్ గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. "ఖాదరూ, దండ దేంట్లో పెట్టిచ్చావయ్యా?"

దేంట్లో పెడతాను? చేతిలో ఉన్న సంచిలోనే!

ఉద్యోగం ఉంది లెండి. వచ్చే ఏడాది రాబోయే జర్మనీ పిల్లల స్వాగత సంఘానికి కన్వీనర్ని కూడా నేనే. సోమవారం ఆర్డరు ఆయనే స్వయంగా టైపు కొట్టి ఇచ్చారు. కింద పెన్నుతో ఒక్క లైను రాశారు: "వట్టి చేతులతో రావలెను."