డ్రమ్ములో పడిన కొసరు

చీనీ, అదే బత్తాయి, పిందె రాలకుండా నిలిపే హార్మోను మందు ఒకటుందని మాకు మొదట చెప్పింది పక్క చేను అక్క. అప్పటికి తన తోటే ఎండిపోయింది. ఆ వేసవిలో వాళ్ళ బోరు ఆగిపోయింది. వాడగా మిగిలిన సీసాను కొంగులో చుట్టి మా ఇంటికి తెచ్చింది.

మా తోటకూ అది గండపు ఏడాదే. రెండేళ్ళుగా పూత విరగబూసి, పిందె బఠాణీ గింజంత కాగానే రాలిపోయేది. ఈసారీ నిలవకపోతే చెట్లు పీకేసి వేరుశనగ వేస్తానని మా ఇంటాయన తేల్చి చెప్పారు.

అక్క గొర్రెలకు మందు వేసే సిరంజి కూడా ఇచ్చింది, సూది తీసేసి.

"డ్రమ్ము నీళ్ళకు దీంతో నాలుగు. అంతే. పొద్దు వాలినాక కొట్టాల."

నేను బడికి పోలేదు. మా నాయన నన్ను అంగట్లో కూర్చోబెట్టుకుని అక్షరాలూ తూకమూ రెండూ నేర్పాడు. తూచిన తరువాత కొసరు వేయనిదే పొట్లం కట్టనిచ్చేవాడు కాదు. దేవుడు మనకు తూచి ఇస్తున్నాడా అనేవాడు. చేతికి అదే అలవాటు. నాలుగు సిరంజిలు పోసి, స్వామిని తలుచుకుని, సీసా వంచి ఒక ధార కొసరు వేశాను.

ఆ డ్రమ్మంతా మా ఇంటాయన మొదటి రెండు సాళ్ళకు కొట్టి ముగించేసరికి గాలి లేచి, మిగతా సాళ్ళు ఆగిపోయాయి. నాలుగు రోజులు తగ్గలేదు. ఐదో రోజు చూస్తే ఆ రెండు సాళ్ళలో ఆకు ముడుచుకుంది. చెట్ల కింద నేలంతా పచ్చగా ఉంది, అన్నీ పిందెలే.

"మీ అక్క మందు భలే పనిచేసినాది. కాయ కోసే కూలి కూడా లేకుండా చేసినాది" అన్నారాయన. రేపే జేసీబీకి చెప్తానన్నారు. కొసరు సంగతి నేను దాచాను. మాట అక్క మీద పడింది.

ఆ సాయంత్రమే పోయి అక్కకు జరిగింది చెప్పాను.

"యాడ నేర్చినావమ్మా ఈ విద్య?"

"మా నాయన దగ్గర."

"మీ నాయన అంగట్లోది చక్కెర. ఎంత వేసినా తీపే. ఇది అట్ల కాదు. ఎక్కువైతే నిలిపే మందే రాలుస్తాది. మీ ఆయనకు చెప్పినావా?"

"లేదక్కా."

"పోయి చెప్పు. లేకుంటే చెట్లు పీకిస్తాడు."

చెప్పాను. ఆయన తోటలోకి పోయి మిగతా సాళ్ళు చూసి వచ్చారు. తరువాత, "మిగతా సాళ్ళకు అక్కనే వచ్చి పోయమను" అన్నారు.

మరునాడు పొద్దు వాలాక అక్క వచ్చింది. పైకి లెక్కపెడుతూ నాలుగు పోసి, మూత బిగించి, సీసాను కొంగున ముడి వేసుకుంది. "ఇది నా దగ్గరే ఉండనీ. నీ చెయ్యి మరీ మంచిది" అని నవ్వింది.

కొసరు పడిన రెండు సాళ్ళూ ఆ ఏడు పెద్దగా కాయలేదు. మిగతా చెట్లకు పిందె అంతా కాకపోయినా మేం అనుకున్నదానికంటే ఎక్కువే నిలిచింది. తోట ఇప్పటికీ ఉంది. మొదటి కాయలు దేవుడి ముందు పెడతాను, ఆ తరువాతి బుట్ట అక్క ఇంటికి పోతుంది. ఆమె చేనిలో ఇంకా నీళ్ళు పడలేదు.

ఇది చదివినవాళ్ళు చీనీ ఒలిచినప్పుడు ఒక్కసారి ఆమెను తలుచుకోండి. తనకు ఒక్క చెట్టూ మిగలని ఏడాది మా డ్రమ్ము పక్కన నిలబడి నాలుగు లెక్కపెట్టిన మనిషి. పేరు మీకు తెలియకపోయినా దేవుడికి తెలుసు.