మామ్మ ఎర్రకాడలు, తాత ఉప్పు

మా మామ్మ మట్టి నోట్లో వేసుకోవడం నేను నా కళ్ళతో చూశాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా పెరట్లో చతికిలబడి, చిటికెడు మట్టి తీసి నాలిక మీద పెట్టుకుంది. నా నోట్లో బ్రష్షు అలాగే ఆగిపోయింది.

ఎందుకలా చేసిందో తెలియాలంటే ముందు ఎర్రకాడల సంగతి చెప్పాలి.

మామ్మ పేరు సావిత్రి. పుట్టిల్లు కాట్రేనికోన అవతల, సముద్రం ఒడ్డున. అక్కడ వాళ్ళ పెరట్లో ఏ మొక్క వేసినా ఉప్పు నేలకి మాడిపోయేదట, బంతి కూడా బతికేది కాదట. పి.గన్నవరం దగ్గర మా ఊరికి కాపురానికి వచ్చిన రోజున, ఇక్కడి నీళ్ళ తియ్యదనానికి మురిసిపోయి చెంబు మీద చెంబు తాగి కడుపునొప్పి తెచ్చుకుందని తాత ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

తాత పేరు అప్పలరాజు. అర ఎకరం కొబ్బరి రైతు. కాయ కాయనిదాన్ని ఆయన చెట్టని ఒప్పుకోడు. తొమ్మిదేళ్ళ కిందట మామ్మ కడియం నర్సరీలో లిప్‌స్టిక్ పామ్ అనే మొక్క కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినప్పుడు వాకిట్లోనే విచారణ మొదలుపెట్టాడట.

"ఇది కాయ కాస్తుందా?"

"కాయదండీ."

"పోనీ, చీపురుకి ఈనెలొస్తాయా?"

"రావండీ."

"మరెందుకే తెచ్చేవు?"

"చూసుకోడానికండీ."

ఒట్టినే చూసుకోడానికి ఒక చెట్టు! తాత ఆ విస్తుపాటు నుంచి చాలా ఏళ్ళు తేరుకోలేదు.

మొక్క చూస్తే వక్కచెట్టుకి చెల్లెలిలా సన్నగా ఉంటుంది. కాడలు మాత్రం కుంకుమలో ముంచి తీసినట్టుంటాయి. అరటిలాగే పక్కనుంచి పిలకలు వేస్తుంది, కాకపోతే ఏడాదికి ఒకటో రెండో, అదీ బతిమాలించుకుని. మామ్మ దాన్ని ఎప్పుడూ తడి ఆరని కుళాయి పక్కన నాటింది. వేసవిలో పాత చీరతో పందిరి వేసేది. మూడు కాడలు పదిహేడయ్యాయి. "పండూ, ఇంకోటి పుట్టిందే!" అని మామ్మ కేక పెడితే నేను పరుగెత్తుకెళ్ళి చూడాల్సిందే. నేను పదో తరగతి లెక్కల్లో తప్పిన రోజున ఓ పిలక వచ్చింది. ఆ సంతోషంలో మామ్మ నన్ను తిట్టడం మర్చిపోయింది. ఆ మొక్కకి నేను అలా ఋణపడ్డాను.

ఋణం ఎలా తీర్చుకున్నానంటే, పోయిన చవితికి మండపం గుమ్మానికి కట్టడానికి రెండు కాడలు కోసి ఇచ్చేశాను. మళ్ళీ లేస్తాయిలే అనుకున్నాను. పక్కన పిలక వస్తుందేమో గాని, కోసిన కాడ మళ్ళీ లేవదట. నాకేం తెలుసు? మామ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక ఈ జూలైలో, వానలు మొదలయ్యి లోకమంతా పచ్చబడుతుంటే, మామ్మ మొక్క ఒక్కటీ మాడడం మొదలుపెట్టింది. ముందు ఆకుల కొసలు, తరవాత మట్టలు. పురుగేమోనని మామ్మ కాడకాడా తడిమి చూసింది. పురుగు లేదు. అప్పుడే ఆ మట్టి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు," అంది.

ఉమ్మేసి, తల తిప్పి నన్ను చూసింది.

"నువ్వేనా?"

"ఒట్టు మామ్మా, నేను కాదు!"

"కిందటేడు కాడలు కోసినప్పుడూ ఒట్టే వేసేవు."

నిజమే, వేశాను. అరుగు వైపు చూశాను. అక్కడ తాత కాఫీ తాగుతున్నాడు. చాలాసేపటి నుంచి తాగుతూనే ఉన్నాడు. గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని దించడం లేదు.

"తాతా, అందులో ఇంకా కాఫీ ఉందా?"

గ్లాసు దిగింది.

"తొలకరికి కొబ్బరిచెట్లకి ఎరువుగా ఉప్పు వేసేను కదే," అన్నాడు నేల చూపులు చూస్తూ. "దానికీ ఓ రెండు కేజీలు..."

"రెండు కేజీలా!"

"అదీ ఆ జాతే కదా! అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్నీ పస్తుంచడం ఎందుకనీ..."

తొమ్మిదేళ్ళు పనికిమాలిన చెట్టని తిట్టిపోసిన మనిషి, ఎవరికీ చెప్పకుండా దాన్ని తన చెట్లతోపాటు పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించేశాడు! మామ్మ మాత్రం కదలలేదు. బురదలో అలాగే కూర్చుండిపోయింది.

"ఎక్కడి కాట్రేనికోన," అంది చివరికి. "అక్కణ్ణుంచి నా వెనకాలే వచ్చేసిందే, ఈ ఉప్పు."

మామ్మ ఏడవగా చూడడం నాకదే మొదలు.

ఆ మధ్యాహ్నం తాత మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏమే, పప్పులో ఉప్పు మర్చిపోయేవు."

"ఆయ్, ఉన్నదంతా మొక్కకి వేసేసేరు కదండీ. మనకి మిగల్లేదు."

నేను పగలబడి నవ్వి నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది.

"నాకెందుకు మామ్మా?"

"రెండు కాడలకి."

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ చప్పిడి తిండే, మామ్మ ఆవకాయ జాడీ కూడా ఎక్కడో దాచేసింది. తాత మొక్క చుట్టూ పైపైన ఉన్న మట్టి అంతా చేత్తో ఎత్తి అవతల పారబోశాడు. కుళాయి గంటసేపే వస్తుంది కాబట్టి, అరిగిన మోకాళ్ళతో కాలవ నుంచి బిందెలు మోసి, మొక్క మొదట్లోని ఉప్పు కడుక్కుపోయేదాకా పోశాడు. రోజూ పోశాడు. అయినా కాడలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఎండినదాన్ని కోసే ముందు ప్రతిసారీ "ఇది పోయినట్టేనంటావా?" అని మామ్మనే అడిగేవాడు. మామ్మ తల ఊపేది. పదిహేనింటిలో నాలుగు మిగిలాయి.

ఇరవై మూడో రోజు పొద్దున్న తాత పెట్టిన కేకకి పామేదో కరిచిందనుకుని పరుగెత్తాను. బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు. వేలు పెట్టి చూపిస్తున్నాడు. మొక్క మొదట్లో, చిటికెనవేలి గోరంత, ఎర్రగా ఓ మొన.

మామ్మ వచ్చింది. మొన వైపు చూడకుండా ముందు చిటికెడు మట్టి నాలిక మీద పెట్టుకుంది. మామ్మ ఉమ్మేసి, నోరు పుక్కిలించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చి, తాత కంచంలో పప్పు మీద తన చేత్తో చిటికెడు చల్లింది. తాత తల ఎత్తకుండా గబగబా కలుపుకున్నాడు. నేనూ కంచం ముందుకు జరిపాను. మామ్మ డబ్బా మూత పెట్టేసింది.

"మరి నాకెప్పుడు?"

"కోసిన కాడలు లేచేక," అంది.